పాత బండికి ముందుగా నేమి చేయింపవలెను?

గత మాసమున నీ శీర్షిక క్రింద వానకాలమునకు పప్పుధాన్యములను నిలువచేయు విధమును గూర్చి ముచ్చటించితిని. ఈ మాసమున వంటయింటికి మిక్కిలి దూరమని తోచు విషయము నొకదానిని చేపట్టుచున్నాను. అది పాత పికప్పుబండిని బాగుచేయించుట. ఇది మగవారి పని, మనకేల యని పుట త్రిప్పవలదని నా మనవి. ఆ బండికి పెట్టు సొమ్ము తఱచుగా మన మెడలోని గొలుసునుండియో, మహిళాసంఘమున మనము కూడబెట్టిన పొదుపునుండియో వచ్చుచున్నది. దానిని తోలువాడు మన కొడుకో, తమ్ముడో, మఱదియో యగుచున్నాడు. పెండ్లికిగాని జాతరకుగాని పోవునపుడు దాని వెనుక నెక్కి కూర్చుండువారము మనమే. ఇంతకంటె మనకు దగ్గఱి విషయ మేమున్నది?

దేవాసుర యుద్ధమున దశరథుని రథచక్రపు చీల జాఱిపోగా, ప్రక్కనున్న కైకేయి తన వ్రేలిని చీలగా నుంచి రథమును నిలిపెనని మన పెద్దలు చెప్పుకొను కథ మీరందఱు వినియుందురు. యుద్ధము చేయువాని దృష్టి శత్రువుమీద నుండును. చీల జాఱినదని కనిపెట్టినది ప్రక్క కూర్చున్న యిల్లాలు. మనము వ్రేలు పెట్టనక్కఱలేదు. చీల యెక్కడ నుండునో తెలిసికొన్నచో చాలును.

మేముండు సెంటినరీ కాలనీ సింగరేణి సంస్థవారి రామగుండము మూడవ ఏరియాలోనిది. 1889లో బొగ్గు తీయుట కారంభించిన సంస్థయొక్క నూఱేండ్ల పండుగ మా కాలనీ పేరుననే నిలిచియున్నది. ఒక ప్రక్క రామగిరి గుట్టలు, మఱియొక ప్రక్క ఓపెన్‌కాస్టు గనుల మట్టిదిబ్బలు. ఇచ్చట తండ్రులు గనిలో పనిచేసిరి గాని కొడుకులందఱకు గనిలో పని దొరకుట లేదు. అట్టి యువకులు పలువురు పాత పికప్పు నొకదానిని కొని బ్రతుకుదెరువు వెదకికొనుచున్నారు. మంథని వైపు పల్లెలనుండి కూరగాయలు తెచ్చుటకును, పత్తి సంచులను మార్కెట్టునకు చేర్చుటకును, పెండ్లి పందిళ్ల సామగ్రికిని ఈ బండ్లే కావలెను. గనిలో విరమణ పొందినవారు క్వార్టరు ఖాళీచేసి సొంత యూరికి పోవునపుడు ముప్పదియేండ్ల సంసారమంతయు నొక పికప్పులోనికే యెక్కును. క్రొత్త బండి వెల లక్షలమీద నున్నందున పాతదానివైపు చూపు పోవుట సహజమే. ఐతే పాతదానిని కొనుటతో ఖర్చు ముగియదు, అప్పుడే యారంభమగును.

ఇట్టి చిన్న సరకుబండ్లను నిర్మించుట మన ప్రాంతమునకు క్రొత్త గాదు. 1942లో హైదరాబాదున స్థాపితమైన ఆల్విన్ సంస్థను మన యత్తగారలు రిఫ్రిజిరేటర్లనుబట్టి యెఱుగుదురు. ఆ సంస్థయే 1980వ దశకమున జపాను దేశపు నిస్సాను కంపెనీతో కూడి జహీరాబాదులో తేలిక సరకుబండ్లను తయారుచేయించెను. తరువాత నా కార్ఖానా మహీంద్రావారి చేతికి వచ్చినది. బండి మంచిదే యైనను తయారీ నిలిచిపోయిన పిదప దాని విడిభాగములకు వెదకులాట తప్పదు. కావున పాత బండిని చూడబోవునపుడు మొట్టమొదట అడుగవలసిన ప్రశ్న “ఎంతకిత్తురు?” అనునది గాదు, “దీని భాగములు గోదావరిఖనిలోగాని కరీంనగరములోగాని దొరకునా?” అనునది. భాగములు దొరకని బండి ఎంత తక్కువకు వచ్చినను చవుక గాదు.

ఇక మా వరుసలోనే నివసించు నొక యిల్లాలి సంగతి చెప్పెదను. ఆమె భర్త గనిలో విరమణ పొందెను. కుమారునికి మేనమామ తన పదునైదేండ్లనాటి పికప్పును తక్కువ వెలకు ఇచ్చెను. దానిని బాగుచేయించుటకు ఆమె తన గొలుసును బ్యాంకులో కుదువపెట్టి 80,000 రూపాయలు తెచ్చినది. కుమారుడు చీటీ యొకటి వ్రాసెను. అందు మొదట రంగు. రెండవది వెడల్పైన చక్రములు, పెద్ద టైర్లు. మూడవది పాటల పెట్టె. నాల్గవది ఇంజను బలము పెంచుట. ఐదవది ఎక్కువ బరువు మోయుటకు కమాన్లలో అదనపు పట్టీలు. బ్రేకుల పేరు చీటీ యడుగున, “తరువాత” అను మాట ప్రక్కన నున్నది.

ఆమె యా చీటీని నా చేతికిచ్చి, “చెల్లె, బండి సంగతి నాకు తెల్వది. గొలుసు మాత్రం నాది. ఏది ముందో ఏది ఎన్కనో నువ్వు జర చూసి చెప్పు” అనెను.

“అక్కా, ఈ బండి ఎట్ల ఆగుతదో ఈ చీటీల రాసి లేదు గదా!” అంటిని.

తరువాత మే మిద్దఱమును మా వీథిలోనే యున్న యొక పెద్దాయనను పిలిపించి కూర్చుండబెట్టుకొంటిమి. ఆయన గని వర్కుషాపులో ఫిట్టరుగా పనిచేసి విరమించినవారు. ఆయన చెప్పిన వరుసను, దాని కారణములను, నేను చదివి తెలిసికొన్న సంగతులను జేర్చి యిచ్చట వ్రాయుచున్నాను.

వరుసకు మూలము

కఠోపనిషత్తున శరీరమును రథముగను, ఇంద్రియములను గుఱ్ఱములుగను, మనస్సును కళ్ళెముగను, బుద్ధిని సారథిగను చెప్పియున్నారు. గుఱ్ఱములకు బలము పెంచు మార్గ మందు చెప్పబడలేదు. వానిని వశమున నుంచుకొను విధమే చెప్పబడినది. పాత బండికిని ఇదియే న్యాయము. దానికి ఆగుట ముందు రావలెను. పరుగు తరువాత రావలెను.

మా గనులలోను ఇదే పద్ధతి. భూగర్భగనిలో ఏటవాలు దారులమీద బొగ్గు టబ్బులను త్రాటితో లాగు హాలేజి యుండును. త్రాడు తెగినచో టబ్బులు దొర్లివచ్చి మనుష్యులమీద పడును. అందుచేత వానిని అడ్డగించు స్టాపుబ్లాకులు లేక హాలేజి నడపరాదు. ఓపెన్‌కాస్టులో డంపర్లు తిరుగు దారి సామాన్యముగా 16 అడుగుల నిడివికి 1 అడుగుకంటె ఎక్కువ ఏటవాలుగా నుండరాదు. పైకెక్కించు బలము ఇంజనుకు లేక యీ కట్టడి చేయలేదు. నిండు బరువుతో దిగు బండి చెప్పినచోట నిలువవలెనని చేసిరి.

ఇందొక లెక్క గలదు. బండి వేగము రెట్టింపైనచో దానిలోని యూపు రెట్టింపు గాదు, నాలుగింతలగును. గంటకు 30 కిలోమీటర్ల వేగమున పోవు బండిని ఆపుటకంటె 60 కిలోమీటర్ల వేగమున పోవుదానిని ఆపుటకు బ్రేకులు నాలుగురెట్లు పని చేయవలెను. బరువు రెట్టింపైనచో పనియు రెట్టింపు. ఆ పని యంతయు బ్రేకులలో వేడిగా మాఱును. కావున ఇంజనుకు బలము చేర్చినను, కమాన్లకు పట్టీలు చేర్చినను, ఆ భారము చివరకు బ్రేకులమీదనే పడును. బ్రేకులను పాతవిగా నుంచి బలమును మాత్రము పెంచుట, పగుళ్లువాఱిన కుండలో నెక్కువ నీరు పోయుటవంటిది.

కొనకముందు: చట్రము, పత్రములు

ఏ మార్పును చేయించుటకు ముందు బండి క్రిందికి దూఱి చట్రమును, అనగా చాసిస్‌ను, చూపింపవలెను. పైరేకునకు పట్టిన త్రుప్పు చూపునకు వికారముగాని ప్రమాదము గాదు. చట్రమునకు పట్టిన త్రుప్పు ప్రమాదము. చిన్న సుత్తితో కొట్టుచు పోయినచో గట్టి యినుము ఖంగుమనును. తినివేయబడినది బొద్దుగా పలుకును. కమాన్లు వ్రేలాడు చోట్లను, వెల్డింగు చేసిన యతుకులను విశేషముగా చూడవలెను. చట్రము విఱిగినదైన నా బండిమీద నొక్క రూపాయి యైనను పెట్టరాదు.

పత్రములును చట్రమువంటివే. చాసిస్‌మీది సంఖ్యయు, రిజిస్ట్రేషను పత్రములోని సంఖ్యయు ఒక్కటిగా నుండవలెను. పేరు మార్పునకు 29, 30 ఫారములు కావలెను. పూర్వపు యజమానుడు ఫైనాన్సుమీద తీసికొనియుండినచో ఆ బాకీ తీఱెనని తెల్పు 35వ ఫారము వ్రాయించుకొనవలెను. సరకుబండి యెనిమిదేండ్లు దాటిన పిదప ఫిట్‌నెసు పత్రము నేటేట పొందవలెను. పదునైదేండ్లు దాటిన బండ్లకు ఆ రుసుము 2022 ఏప్రిలు నుండి మిక్కిలి పెరిగినది. ఈ ఖర్చును మొదటనే లెక్కలో వేసికొననివారు బండి సిద్ధమైన పిదప దానిని ఇంటిముందు నిలుపుకొని చింతింతురు.

మొదటి మెట్టు: ఆగుట

పికప్పు బ్రేకు తొక్కినపుడు మాస్టరు సిలిండరులోని బ్రేకు ఆయిలు నెట్టబడి, గొట్టములగుండ చక్రముల కడకు పోయి, అచ్చటి లైనింగులను ఒత్తును. ఇందు నాలుగు చోట్ల ముసలితనము వచ్చును. మాస్టరు సిలిండరులోని రబ్బరు వాషర్లు అరిగిపోవును. చక్రముల కడనున్న చిన్న సిలిండర్లు కారును. రబ్బరు గొట్టములు లోపల నుబ్బును. లైనింగులు పలుచనగును. ఈ నాలుగింటిని ఒక్కసారిగా చేయించుట మేలు. ఒకదానిని క్రొత్తది వేసి తక్కినవి విడిచినచో క్రొత్తదాని యొత్తిడికి పాతవి తెగును.

బ్రేకు ఆయిలును గూర్చి యొక్క మాట. మూత సరిగా లేని యుప్పుజాడి వానకాలమున చెమ్మగిల్లునట్లు, ఈ ఆయిలు గాలిలోని తేమను తనలోనికి లాగుకొనును. డాట్ 3 అను రకము క్రొత్తగా నున్నపుడు 205 డిగ్రీలకు తక్కువ వేడిలో మరుగరాదని ప్రమాణము. తేమ చేరిన పిదప నా హద్దు 140 డిగ్రీలకు దిగును. బరువుతో వాలు దిగునపుడు బ్రేకులు కాగి యా ఆయిలు మరిగినచో ఆవిరి పుట్టును. ఆవిరి యొత్తినచో అణగును గాని చక్రమును పట్టదు. తొక్కిన పెడలు నేలకంటును. బండి మాత్రము పోవుచునే యుండును. కావున రెండేండ్లకొకసారి ఆయిలును పూర్తిగా మార్పింపవలెను. ఖర్చు కొద్ది, రక్షణ పెద్ద.

మనము స్వయముగా చేయదగిన పరీక్షలు రెండున్నవి. ఇంజను ఆపి బ్రేకు పెడలును నాలుగైదు మాఱులు తొక్కి, అదిమిపట్టి, అటుపై ఇంజను నడిపింపవలెను. అప్పుడు పెడలు కొంచెము క్రిందికి దిగినచో బ్రేకునకు సాయపడు బూస్టరు పనిచేయుచున్నదని యర్థము. తరువాత నొక నిముషము గట్టిగా అదిమియే యుంచవలెను. పెడలు మెల్లమెల్లగా నేలవైపు జాఱినచో నెచ్చటనో కారుచున్నది. ఈ పరీక్షలకు బండి విద్య యేమియు నక్కఱలేదు.

టైర్లు కూడ నీ మెట్టులోనివే. ఏలయన బ్రేకు చక్రమును ఆపును గాని బండిని నేలకు పట్టియుంచునది టైరు. టైరు ప్రక్కగోడమీద నాలుగంకెల సంఖ్య యుండును. 2319 అని యున్నచో అది 2019వ సంవత్సరపు 23వ వారమున చేయబడినదని తెలియవలెను. చూపునకు గాళ్లు లోతుగా నున్నను, ఏండ్లు గడచి బీటలు వాఱిన రబ్బరు నమ్మదగినది గాదు. గాళ్ల లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గరాదని చట్టము. పెద్ద టైర్లు వేయుట మాత్రము వలదు. చక్రపు చుట్టుకొలత పెరిగినచో బ్రేకుల పట్టు తగ్గును, వేగము చూపు ముల్లు ఉన్నదానికంటె తక్కువ చూపును. కంపెనీ చెప్పిన కొలతయే కొలత.

రెండవ మెట్టు: త్రిప్పుట, చూచుట

స్టీరింగును కొంచెము అటునిటు కదలించినపుడు చక్రములు వెంటనే కదలవలెను. చేతిచక్రము చాల దూరము తిరిగిన పిదప గాని ముందుచక్రములు కదలనిచో బాల్‌జాయింట్లు, టైరాడ్డు కొనలు అరిగినవని యర్థము. చక్రముల బేరింగులను విప్పించి, కడిగించి, క్రొత్త గ్రీజు పెట్టింపవలెను. షాకబ్జార్బర్లు కారుచున్నచో మార్పింపవలెను; గతుకుల దారిలో చక్రము నేలను విడిచి యెగిరినచో స్టీరింగును లేదు, బ్రేకును లేదు.

తరువాత విద్యుత్తు. పాత బండిలో ప్రతి యజమానుడును తనకు తోచిన దీపమునో పాటల పెట్టెనో యొక తీగకు ముడివేసి పోయియుండును. ఆ ముళ్లలో నిప్పు పుట్టుట గలదు. క్రొత్త సామగ్రిని తగిలింపక ముందు పాత ముళ్లను విప్పించి, ప్రతి తీగకు తగిన ఫ్యూజు నమర్చి, చాసిస్‌కు చేరు ఎర్తు తీగలను గీకి బిగింపవలెను. దీపములు మసకగా వెలుగుటకు బ్యాటరీని నిందించి క్రొత్తది కొనువారు చాలమంది. ఎర్తు తీగకు పట్టిన త్రుప్పే తఱచుగా కారణము. ముందు దీపములు, వెనుక ఎఱ్ఱదీపములు, వైపరు, హారను, అద్దములు, సీటుబెల్టు అన్నియు నీ మెట్టులోనివే. మా ప్రాంతమున శీతకాలపు తెల్లవాఱుజామున మంచును, బొగ్గుధూళియు కలిసి దారిని మూయును. కూరగాయల బండి కదలునది ఆ వేళయందే.

మూడవ మెట్టు: చల్లదనము, శ్వాస

రామగుండమున వేసవి యెండ 45 డిగ్రీలు దాటుట అరుదు గాదు. ఆ వేడిలో నింజను బ్రదుకవలెనన్న రేడియేటరు శుభ్రముగా నుండవలెను. బోరునీరు కాచు పాత్ర యడుగున తెల్లని గార పట్టుట మీరు చూచియున్నారు. అట్టి నీరే యేండ్లకొలది పోసినచో రేడియేటరు సన్ని గొట్టములలోను అదే గార పట్టును. దానిని కడిగించి కూలెంటు పోయింపవలెను. రేడియేటరు మూత మన ప్రెషరుకుక్కరు మూతవంటిది. లోన నొత్తిడిని నిలిపి, నీటిని త్వరగా మరుగనీయదు. దాని రబ్బరు చెడినచో నీరు త్వరగా మరుగును. కాగియున్నపుడు దానిని తెఱచుట, ఆవిరి దిగని కుక్కరును తెఱచుటయే. కొడుకులకు ఈ మాట మనము చెప్పినంత బాగుగా నెవ్వరు చెప్పగలరు?

గాలి జల్లెడ, అనగా ఎయిర్‌ఫిల్టరు, మా ప్రాంతమున మఱింత ముఖ్యము. మట్టిధూళి యింజనులోనికి పోయినచో అది సానపొడియై సిలిండర్ల గోడలను అరుగదీయును. ఫిల్టరును మార్చి, దాని గొట్టము చీలియున్నదేమో చూపింపవలెను. చీలిన గొట్టముతో నెంత మంచి ఫిల్టరైనను చిల్లుపడిన జల్లెడయే. ఇంజను ఆయిలు, ఆయిలు ఫిల్టరు, డీసెలు ఫిల్టరు, ఫ్యానుబెల్టు కూడ నిప్పుడే మార్పింపవలెను. ఆయిలు కొల పుల్లను తీసి చూచినపుడు ఆయిలు మజ్జిగవలె తెల్లబడియున్నచో అందు నీరు కలిసినదని తెలిసి, బండిని నడుపక మెకానికును పిలువవలెను.

నాల్గవ మెట్టు: లాగుట

మా పొరుగింటి కుమారుని చీటీలో ముందున్న ఇంజను బలము వరుసలో నిక్కడికి వచ్చును. పాత యింజనును చూడగానే “బోరుకు వచ్చినది” అని విప్పదలచు మెకానికులు గలరు. విప్పిన పిదప ఖర్చునకు హద్దుండదు. మొదట పొగను చూడవలెను. పొయ్యి యూదిన మనకు పొగ భాష తెలియనిది గాదు. నల్లపొగ వచ్చినచో గాలి తక్కువ యనియో, డీసెలు ఎక్కువ యనియో అర్థము. ఫిల్టరును ఇంజెక్టర్లను చూపించినచో తఱచుగా తీఱును. నీలిపొగ విడువక వచ్చినచో ఆయిలు కాలుచున్నది. తెల్లపొగ ఇంజను కాగిన పిదపను ఆగనిచో డీసెలు సరిగా మండుట లేదనియో, నీరు లోనికి చేరుచున్నదనియో అనుమానింపవలెను. విప్పుటకు ముందు కంప్రెషను కొలిపించి, ఆ యంకెలను కాగితముమీద వ్రాయించుకొనవలెను. అంకె లేక విప్పుట, నాడి చూడక మందిచ్చుటవంటిది. క్లచ్చిపళ్లెము, గేరుపెట్టె ఆయిలు, ప్రొపెల్లరు షాఫ్టు జాయింట్లు ఈ మెట్టులోనివి. ఉదయము వెంటనే కదలి, వాలెక్కి, పొగ విడువక పనిచేయు నింజనును మాత్రము విప్పకుండుటయే దానికి చేయదగిన గొప్ప సేవ.

ఐదవ మెట్టు: అలంకారము

రంగును నేను తృణీకరింపను. శుభ్రమైన బండికి కిరాయి త్వరగా దొరకునని యా కుమారుడు చెప్పిన మాటలో సత్యము గలదు. ఐతే రంగు కిరాయిని తెచ్చునే గాని కిరాయికి పోయిన కొడుకును ఇంటికి తేలేదు. కావున దానిని బండి తన సంపాదనతోనే చేయించుకొనవలెను.

చేయింపరానివి

అదనపు కమాను పట్టీలు, పెద్ద చక్రములు, పెంచిన యింజను బలము: ఈ మూడును మేలుమార్పులుగా కనబడు ముప్పులు. 1988 నాటి మోటారువాహనముల చట్టము 52వ విభాగము ప్రకారము, తయారీదారుడు నిర్ణయించిన వివరములకు భిన్నముగ బండిని మార్చుట తగదు. పట్టీలు చేర్చినంతమాత్రమున బండి మోయదగిన బరువు పెరుగదు. బ్రేకులు, ఇరుసు, చట్రము పాతవే గదా! అధికభారమునకు 2019 సవరణనుండి 20,000 రూపాయల జరిమానాయు, మించిన ప్రతి టన్నుకు 2,000 రూపాయలును విధింపబడుచున్నవి. నెల కిరాయి యంతయు నొక్క పూటలో పోవును.

మఱియొకటి మనకే సంబంధించినది. సరకుబండి వెనుక మనుష్యులను ఎక్కించుట చట్టవిరుద్ధము. అట్లెక్కినవారికి ప్రమాదము జరిగినచో బీమా సొమ్ము చేతికి వచ్చునను నమ్మకము లేదు. మేడారము జాతరకును, మంథని గోదావరి స్నానములకును, పెండ్లిండ్లకును మనము చంటిబిడ్డలతో ఎక్కి పోవుచున్నాము. “అందఱు పోవుట లేదా?” అందురు. అందఱు పోవుటచేత బ్రేకు ఆయిలు మరుగక మానదు. ఈ విషయమున మెకానికును గాని కొడుకును గాని నిందించి లాభము లేదు. ఎక్కకుండుట మన చేతిలోనే యున్నది.

సొమ్మును పంచు విధము

ఆ యిల్లాలు తెచ్చిన 80,000 రూపాయలను మేము వరుసనుబట్టి నోటుపుస్తకమున నిట్లు వ్రాసికొంటిమి: టైర్లకు 26,000, బ్రేకులకు 12,000, స్టీరింగు, బేరింగు, షాకబ్జార్బర్లకు 9,000, బ్యాటరీకి, తీగలకు, దీపములకు 8,000, చల్లదనమునకు, ఆయిలు ఫిల్టర్లకు 7,000. ఇవి కలిసి 62,000. మిగిలిన 18,000 రూపాయలను ముట్టరాదని నిశ్చయించితిమి. పాత బండి తన రోగము లన్నింటిని మొదటి దినముననే చెప్పదు. చేతిసొమ్మంతయు మొదటనే వ్యయించినవారు రెండవ రోగము బయటపడినపుడు రెండవ గొలుసును వెదకికొందురు.

అట్లే జరిగినది. రెండవ నెలలో మూటలు నింపిన బండి వాలు నెక్కలేక క్లచ్చి కాలిన వాసన వచ్చినది. క్లచ్చిపళ్లెమును మార్చుటకు దాచిన సొమ్ము సరిపోయెను. ఆమె కమ్మలు చెవులకే యున్నవి.

ఇంకను నాలుగు కట్టుబాట్లు పెట్టుకొంటిమి. పని మొదలుపెట్టక మునుపే ఏ యే భాగములు మార్తురో వ్రాయించుకొనుట. మార్చిన ప్రతి పాత భాగమును ఇంటికి తెప్పించుకొనుట. బిల్లులేని భాగమునకు సొమ్ము చెల్లింపకుండుట. ఒక మెట్టు పూర్తియై పరీక్షించిన పిదపనే పై మెట్టునకు సొమ్మిచ్చుట. పాల లెక్క, చాకలి పద్దు వ్రాయు మనకు నీ నాలుగును క్రొత్త విద్యలు గావు.

కుమారునికి మొదట కోపము వచ్చినది. రెండు దినములు తల్లితో మాటలాడలేదు. పెద్దాయన వాని చేతనే పాత చక్రపు సిలిండరు నొకదానిని విప్పించి చూపెను. లోపల రబ్బరు చీలి, ఆయిలు కాఱి, లైనింగు జిడ్డై యుండెను. వాడు దానిని చేతిలో త్రిప్పి త్రిప్పి చూచి, చీటీని తానే తిరుగవ్రాసెను. అది మొదలు బండి కదలుటకు ముందు పెడలు నదిమి చూచుట వాని యలవాటైనది. నాలుగు నెలల కిరాయి వచ్చిన పిదప నీలిరంగు వేయించుకొని, ముందుభాగమున “అమ్మ దీవెన” అని వ్రాయించుకొనెను. గొలుసుమీది యప్పు నెలనెల తీఱుచున్నది.

సోదరీమణులారా! మీ యింటనో మీ పుట్టింటనో ఎవరైన పాత బండిని బాగుచేయింపదలచినచో “ఎంత కావలెను?” అని మాత్రమే అడిగి సొమ్ము లెక్కపెట్టి యీయవలదు. “ముందేమి, తరువాత నేమి?” అని యడుగుడు. ఆగుట, త్రిప్పుట, చల్లదనము, లాగుట, అలంకారము అను నీ వరుసను కాగితముమీద వ్రాయించి వంటయింటి గోడకు తగిలించుకొనుడు. ఈ విషయమున మీ యనుభవములను వ్రాసి పంపినచో ముందు సంచికలలో పొందుపఱచెదను. వచ్చు మాసమున వేసవిలో త్రాగునీటిని శుభ్రపఱచుకొను విధమును గూర్చి ముచ్చటింతము.

— ఒక యుపాధ్యాయుని యిల్లాలు, సెంటినరీ కాలనీ